ఏటి నీళ్లు, కొత్తిమీర కట్ట, అత్తగారి కల్చర్ రిపోర్టు

ప్రశ్న: అమ్మా, మాది చిత్తూరుకు దిగువన, నీవా ఏటి గట్టు మీద పల్లె. ఎకరన్నర సేద్యం, రెండు ఆవులు. వానలు పడే నాలుగు రోజులు తప్పిస్తే ఏట్లో పారేది టౌను కాలవల నీళ్లే. ఎండాకాలం మా బావి అడుగంటుతుంది. అప్పుడు ఏట్లో మోటరు వేసి ఆ నీళ్లే మళ్లకు తోలుకుంటాం. కొత్తిమీర, చిర్రాకు, పాలకూర, కొంచెం వంగ. తెల్లారేసరికి టౌను మార్కెట్‌కు వేస్తాం.

రెండు నెలల కిందట మా అత్తకు (63 ఏళ్లు, షుగరుంది) ఒంటికి పోతే మంట, చలిజ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు రోజులకు బిళ్లలిచ్చాడు. తగ్గకపోతే వేరేవి ఇంకో మూడు రోజులకిచ్చాడు. అవీ పని చేయలేదు. వేలూరు తీసుకుపోయినాం. కల్చరు పెట్టి, చాలా మందులకు లొంగని బ్యాక్టీరియా అన్నారు. వారం రోజులు సూదులు వేశాక ఇప్పుడు బాగుంది. డిగ్రీ చదివే మా ఆడబిడ్డ కొడుకు వచ్చి, "మురుగునీళ్ల నిండా అవే ఉంటాయత్తా, మీ ఆకుకూరల మీదా అవే" అని చెప్పిపోయాడు. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. అత్తకు ఆ నీళ్ల వల్లే వచ్చిందా? మా ఆకుకూర తిని ఎవరికైనా ఏమన్నా అయితే ఆ పాపం మాదేనా? తాగేది ఇంటి బోరు నీళ్లే. ఆర్‌ఓ మిషన్ పెట్టించుకోమంటున్నారు, 18 వేలంట. ఇంట్లో మిగిలిపోయిన బిళ్లల్ని మా ఆయన కాలవలో పారేయమంటున్నాడు, పారేయొచ్చా?
– ఒక కోడలు, చిత్తూరు జిల్లా

సమాధానం: ముందు అన్నం తినమ్మా. మీరడిగినవాటిలో చాలా వాటికి జవాబు మీ వంటింట్లోనే ఉంది. ఒక్కదానికి మాత్రం మునిసిపాలిటీ దాకా పోవాలి.

నేను డాక్టర్ని కాను. తిరుపతిలో ఒక ల్యాబులో మైక్రోబయాలజీ బల్ల ముందు కూర్చుని మీ అత్తగారిలాంటి వాళ్ల కల్చర్లు చదివి చదివి రిటైరైనదాన్ని. ఏ మందు వాడాలో చెప్పను. ఆ రిపోర్టు వెనకాల ఏం జరిగిందో చెబుతాను. అది తెలిస్తే మీ భయం సగం పోతుంది. మిగతా సగం ఉండడమే మంచిది.

మూత్రం సీసా ల్యాబుకు వచ్చాక అందులోంచి కొంచెం తీసి ఒక ప్లేటు మీద గీస్తారు. మర్నాటికి దాని మీద సగ్గుబియ్యంలా చుక్కలు లేస్తాయి. ఒక్కో చుక్క అంటే లక్షల బ్యాక్టీరియా. ఒక చుక్కను ఉప్పునీళ్లలో కలిపి, దూదిపుల్లతో ఇంకో ప్లేటు నిండా పూస్తారు, వాకిలి అలికినట్టు, ఎక్కడా వెలితి లేకుండా. దాని మీద మందు అద్దిన కాగితం బిళ్లలు పెడతారు. ఒక్కోటి 6 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ కన్నా చిన్నది. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. రాత్రంతా వెచ్చగా ఉంచి పొద్దున తీసి వెలుతురుకు పెట్టి చూస్తే, పనిచేసే మందు చుట్టూ గుండ్రంగా ఖాళీ కనిపిస్తుంది. స్కేలు పెట్టి ఆ ఖాళీని కొలుస్తాం. సరిపడా ఉంటే 'ఎస్', చాలకపోతే 'ఆర్'. మీ దగ్గరున్న రిపోర్టులో వరసగా ఉన్న అక్షరాలు అవే. లొంగని బ్యాక్టీరియా అయితే బిళ్ల అంచు దాకా పెరిగి దాన్ని ఆనుకునే కూర్చుంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్లేటు తీస్తే ఖాళీలే ఎక్కువ కనిపించేవి. చివరికొచ్చేసరికి ఆరు బిళ్లల్లో రెండింటి చుట్టూ ఖాళీ ఉంటే అమ్మయ్య అనుకునేదాన్ని.

మరి పని అయిపోయాక ఆ ప్లేటును ఏం చేసేవాళ్లం? ఆటోక్లేవులో పెట్టేవాళ్లం. ఆటోక్లేవంటే ఇంకేం లేదు, పెద్ద ప్రెషర్ కుక్కరు. లొంగేవీ లొంగనివీ అన్నీ ఒకే కుక్కర్లో ఒకేలా చచ్చేవి. చెయ్యి జారి బల్ల మీద చిందితే బ్లీచింగ్ నీళ్లు పోసేవాళ్లం. అక్కడా అంతే. ఇంటికొచ్చే ముందు మేం చేతులు కడుక్కున్నది మామూలు సబ్బుతోనే.

మీరు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఇదేనమ్మా. మందుకు లొంగదు అంటే మందుకు మాత్రమే లొంగదని. కొన్ని బ్యాక్టీరియాలు మందును తుంచే కత్తెరలాంటి ఎంజైమును తయారు చేసుకుంటాయి. కొన్ని లోపలికొచ్చిన మందును మోటరు పెట్టి తోడినట్టు బయటికి తోడేస్తాయి. ఆ కత్తెర మరిగే నీళ్లను తుంచలేదు. ఆ మోటరు ఎండను తోడలేదు. ఒంట్లోకి దిగాక దాన్ని చంపడం కష్టం, ఎందుకంటే మనిషిని మరగబెట్టలేం కదా. బయట ఉన్నంతసేపూ అది మామూలు విరేచనాల బ్యాక్టీరియా కన్నా మొండిదేమీ కాదు.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఆ నీళ్ల వల్లే వచ్చిందా అంటే, అవుననీ కాదనీ ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. ఆడవాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా చాలాసార్లు వాళ్ల సొంత పేగుల్లోదే. ఎక్కువగా ఈ.కోలి. పేగులో ఉన్నప్పుడు అది ఏమీ చెయ్యదు, సంసారిలా పడుంటుంది. దోవ తప్పి మూత్రనాళంలోకి ఎక్కితేనే గొడవ. షుగరున్నవాళ్లకు, ముట్లుడిగినవాళ్లకు ఆ గొడవ ఎక్కువ. కాబట్టి అసలు ప్రశ్న, ఆ లొంగని రకం ఆమె పేగులోకి ఎప్పుడు చేరింది అన్నది. ఎప్పుడైనా చేరి ఉండొచ్చు. ఏ ఆసుపత్రిలోనో, ఏ పెళ్లి భోజనంలోనో, కడగని చేతుల్లోంచో, నీళ్లలోంచో. మన దేశంలో జబ్బేమీ లేని ఆరోగ్యవంతుల పేగుల్లో కూడా ఇలాంటివి చాలామందికి ఉంటాయి. మీకూ ఉండొచ్చు, నాకూ ఉండొచ్చు. ఉండడం జబ్బు కాదు.

చేరడం ఒకెత్తు, పెరగడం ఇంకొకెత్తు. మొదటి మూడు రోజుల బిళ్లలు ఏం చేశాయో ఊహించండి. లొంగేవి చచ్చాయి. లొంగనివి మిగిలి, చోటంతా తమదే అన్నట్టు పెరిగాయి. ఈ.కోలికి వీలు కుదిరితే 20 నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. లెక్క కట్టండి, ఏడు గంటల్లో ఒక్కటి 20 లక్షలు దాటుతుంది. తర్వాత రెండో రకం బిళ్లలు, మళ్లీ అదే తంతు. మీ ఆర్‌ఎంపీని తిట్టను. అర్ధరాత్రి తలుపు కొడితే టూవీలరు వేసుకుని వచ్చేది ఆయనే. కానీ 63 ఏళ్ల మనిషికి, షుగరున్న మనిషికి, చలిజ్వరంతో ఉన్నప్పుడు కల్చరుకు పంపకుండా బిళ్లలు మార్చుకుంటూ పోవడం తప్పే. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే తన ఉపన్యాసంలో చెప్పాడు, చాలీచాలని మోతాదు ఇస్తే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయని. మందు బజారులోకొచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు.

ఇక మీ ఆడబిడ్డ కొడుకు. ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. సగం చెప్పి వెళ్లిపోయాడు, అదే తప్పు. మిగతా సగం నేను చెబుతాను.

మనం మింగిన యాంటీబయాటిక్ అంతా ఒంట్లోనే కరిగిపోదు. అమాక్సిసిలిన్ తీసుకోండి, మింగినదాంట్లో సగానికి పైగా అలాగే మూత్రంలో బయటికొచ్చేస్తుంది. టౌనులో ఇన్ని వేల ఇళ్లు, నర్సింగ్ హోములు, మాంసం కొట్లు. అన్నిటి నీళ్లూ కాలవల్లో కలుస్తాయి. అంటే మందూ అక్కడికే వస్తుంది, ఆ మందును తట్టుకున్న బ్యాక్టీరియా కూడా పేగుల్లోంచి అక్కడికే వస్తుంది. వెచ్చగా, తిండి దండిగా. ఇక్కడ జరిగేదే అసలు కథ. లొంగకపోవడం ఎలాగో రాసి ఉన్న జన్యువు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న చుట్టలో ఉంటుంది. ఒక బ్యాక్టీరియా పక్కదాన్ని ఆనుకుని ఆ చుట్ట నకలు ఇచ్చేస్తుంది. తన పిల్లలకే కాదు, పరాయి జాతికి కూడా. పిట్టగోడ మీంచి పక్కింటామెకు ఆవకాయ పాళ్లు చెప్పినట్టు. ఈ.కోలి దగ్గరున్న పాళ్లు క్లెబ్సియెల్లా అనే ఇంకో జాతి బ్యాక్టీరియాకు పోతాయి. నాళ్లు గడిచేకొద్దీ ఒకే చుట్టలో నాలుగైదు మందుల పాళ్లు చేరతాయి. అందుకే రిపోర్టులో 'ఆర్' అనే అక్షరం ఒక్కటిగా రాదు, వరసగా వస్తుంది.

2011లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. ఢిల్లీలో వీధి గుంతల్లో, చిన్న కాలవల్లో నిలిచిన నీళ్లు 171 చోట్ల పట్టి పరీక్షిస్తే 51 చోట్ల ఎన్‌డీఎం-1 అనే జన్యువు దొరికింది. కార్బాపెనెమ్‌లని, ఆసుపత్రుల్లో చివరికి మిగిలించుకునే సూదిమందులుంటాయి, వాటినే తుంచే కత్తెర అది. కుళాయి నీళ్లు 50 పట్టి చూస్తే రెండింటిలో అదే ఉంది. అంతకుముందు 2007లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేసి వదిలే చోట సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మీరు పేపర్లలో, వీడియోల్లో చూసి భయపడేది ఎక్కువగా ఆ పటాన్‌చెరు కథే. మీ ఏట్లో పారేది అది కాదు. మందుల ఫ్యాక్టరీ నీళ్లు వేరు, ఊరి మురుగు వేరు. ఊరి మురుగులో మందు నలుసంతే ఉంటుంది. బ్యాక్టీరియా మాత్రం కావాల్సినంత.

కావాల్సినంత అంటే ఎంత? పచ్చి మురుగునీళ్లు 100 మిల్లీలీటర్లలో, అంటే చిన్న గ్లాసులో సగం, మలం తాలూకు కోలిఫామ్ బ్యాక్టీరియా కోటి దాకా ఉండొచ్చు. నదిలో స్నానం చేయాలంటే 2,500 దాటకూడదని కాలుష్య నియంత్రణ మండలి కొలత. శుద్ధి ప్లాంటు పెట్టి నూటికి తొంభై తొమ్మిది తీసేసినా కోటికి లక్ష మిగులుతాయి. అందుకే ప్లాంటు కట్టాం అని రిబ్బను కత్తిరించుకుంటే చాలదు. ఆ నీళ్లను వదిలే ముందు క్లోరినో, అతినీలలోహిత కాంతో తగిలించాలి. అది జరుగుతోందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ.

ఆకుకూరల దగ్గరికి వద్దాం, మీ కడుపులో దిగులంతా అక్కడే ఉంది కదా.

చిర్రాకు, పాలకూర, వంకాయ. ఇవి ఎవరూ పచ్చిగా తినరు. పప్పులో వేసి ఎనుపుతారు, పులుసు పెడతారు. ఉడికిన పప్పులో ఆ బ్యాక్టీరియా బతకదు. కాబట్టి ఇవి అమ్మొచ్చు, మీ పిల్లలకు పెట్టొచ్చు, నేనైతే తింటాను. కానీ వంటింట్లోకి పచ్చిగా వచ్చిన కట్టను ఎక్కడ పెట్టారు, అదే కత్తిపీటతో తర్వాత ఏం తరిగారు అన్నది చూసుకోవాలి. చిర్రాకు తరిగిన పీట మీదే కడగకుండా పెరుగుపచ్చడికి కీరకాయ తరిగితే, ఆకుకూర ఉడికిపోయింది గానీ దాని మీద ఉన్నది కీరకాయ మీదికి దాటింది.

నాకు బెంగ కొత్తిమీరతోనే. చట్నీలో పచ్చిగా నూరతాం, చారు దించాక పైన చల్లుతాం, మజ్జిగలో వేస్తాం. పైగా మనవైపు దాన్ని కోయరు, వేరుతో సహా పీకుతారు, మట్టితో పాటు. మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను. సాయంత్రం పీకి, కట్టలు కట్టి, మట్టి పోవడానికీ పొద్దున దాకా వాడిపోకుండా ఉండడానికీ ఆ ఏటి నీళ్లలోనే ముంచి, తడి గోనెపట్టా కప్పి పెడతారు. అవునా? అయితే అది ఈ రోజే మానేయండి. మడిలో పారిన నీళ్ల కన్నా ఆ ఒక్క ముంపే ఎక్కువ చేటు. మళ్లో పారిన నీళ్లు వేళ్లకు పోతాయి, ఆకు మీద పడిన చుక్కలు ఎండకు ఆరిపోతాయి, రోజు రోజుకూ బ్యాక్టీరియా చస్తూ ఉంటుంది. కట్ట కట్టి ముంచి తడి గోనెలో చుట్టారంటే ఆకు ఆకు సందుకూ ఎక్కించి, ఎండ తగలకుండా దాచి మరీ టౌనుకు పంపినట్టు. బోరు నీళ్లు రెండు బిందెలు పక్కన పెట్టుకోండి, కట్టలకు అవి చాలు.

ఇంకా చేయగలిగినవి ఉన్నాయి. కొత్తిమీర, పుదీన, ముల్లంగి లాంటి పచ్చిగా తినేవాటిని బావి నీళ్లు అందే మడికి మార్చండి, ఎంత చిన్నదైనా సరే. బావి అడుగంటిన నెలల్లో అవి వేయకండి, ధర బాగున్నా. అది నష్టమే, నాకు తెలుసు. ఏటి నీళ్లు పారే మళ్లలో వంగ, చామంతి, బంతి, ఆవులకు గడ్డి వేసుకోవచ్చు. నీళ్లు సరిపోతాయనుకుంటే చెరకు ఇంకా మేలు. చిత్తూరు బెల్లం ఎలా వండుతారో మీకు నేను చెప్పాలా, ఆ పెనంలో ఏ బ్యాక్టీరియా బతికి బట్టకడుతుంది! ఆకుకూర కోసే ముందు మూడు నాలుగు రోజులు ఏటి నీళ్లు ఆపండి. ఆ నాలుగు రోజుల ఎండ మీకు ఊరికే వచ్చే మందు. చోటుంటే మోటరు నీళ్లు నేరుగా మడికి తోలకుండా ఒక గుంతలో పడనిచ్చి, రెండు మూడు రోజులు తేరనిచ్చి పైనున్న నీళ్లు మళ్లించండి. నులిపురుగుల గుడ్లు కూడా అడుగుకు దిగిపోతాయి. ఆకు మీద పడేలా కడవలతో చల్లడం మాని సాళ్లలో పారించండి. డ్రిప్ ఇంకా మంచిది, కాకపోతే ఆ నీళ్లకు రంధ్రాలు వారానికే పూడుకుపోతాయి, ఫిల్టరు లేకుండా ఎవరి మాటా విని పెట్టించుకోకండి.

ఆకుకూర కొనుక్కునేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. శుభ్రమైన నీళ్లలో రెండు మూడుసార్లు జాడిస్తే మీద ఉన్నవి ఓ పదింతలు తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఉప్పు, పసుపు వేసి నానబెడితే అన్నీ పోతాయన్నది ఊరట మాట. ఇంట్లో షుగరున్నవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు, పాలు మరిచిన చంటిపిల్లలు ఉంటే కొత్తిమీర చారు మరుగుతున్నప్పుడే వేయండి. వాసన కొంచెం తగ్గుతుంది, అంతే.

మీరు, మీ ఆయన ఆ మడిలో దిగేటప్పుడు వట్టికాళ్లతో దిగకండి. కాళ్లకు పుండ్లుంటే అసలు దిగొద్దు. ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడగండి. మీ కుటుంబానికి ఆకుకూర కన్నా దగ్గరి దోవ అదే.

పాపం మాదేనా అన్నారు. కాదు. ఏట్లో మురుగు కలిపింది మీరు కాదు. 1974 నుంచి నీటి కాలుష్య చట్టం ఉంది. ఏటిలోకి ఏం వదులుతున్నామో చూసుకోవాల్సింది వదిలేవాళ్లే. పై నుంచి వదిలేవాడికి లేని దిగులు కింద మడికి పారించుకునే మీకు వచ్చింది. అయితే తెలిశాక కూడా కొత్తిమీర కట్టలు ఆ నీళ్లలో ముంచితే, అప్పుడు కొంచెం మీది కూడా. కటువుగా చెప్పానని అనుకోకండి. మీ పంచాయతీలో ఆ ఏటి మీద ఆధారపడ్డ రైతులందరూ కలిసి ఒక అర్జీ రాసి మునిసిపల్ కమిషనరుకూ, కాలుష్య నియంత్రణ మండలికీ ఇవ్వండి. 'మురుగు ఆపండి' అని కాకుండా, ఏయే కాలవ ఎక్కడ ఏట్లో కలుస్తోందో, శుద్ధి చేసిన నీళ్లకు క్లోరినేషన్ జరుగుతోందో లేదో, 100 మిల్లీలీటర్లకు కోలిఫామ్ ఎంత వస్తోందో అడగండి. అంకె అడిగితే అంకెతోనే జవాబు చెప్పాలి.

బోరు. ఏటి గట్టు మీద బోరంటే నాకూ అనుమానమే. కానీ 18 వేలు పెట్టే ముందు పరీక్ష చేయించండి. హెచ్‌టూఎస్ సీసా అని చిన్నది ఉంటుంది, గ్రామాల్లో నీళ్ల పరీక్షకు వాడేదే. మీ ఊళ్లో తాగునీటి పథకం చూసేవాళ్లనో, సచివాలయంలోనో, గ్రామీణ నీటి సరఫరా ల్యాబులోనో అడగండి. మోటరు వేసి కాసేపు నీళ్లు పోనిచ్చి, సీసా లోపల వేలు తగలకుండా గీత దాకా పట్టి, మూత పెట్టి, వంటింటి గూట్లో పెట్టేయండి. ఒక రోజు, రెండు రోజులు. రంగు మారకపోతే సరే. సిరాలా నల్లబడితే మలం తాలూకు బ్యాక్టీరియా ఉన్నట్టు అనుకోవాలి. అది మందుకు లొంగేదా లొంగనిదా ఆ సీసా చెప్పదు. చెప్పక్కర్లేదు కూడా, రెండింటికీ చేయాల్సింది ఒకటే.

మరగబెట్టడం. బుడగలు పైకొచ్చి తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం. అదే పాత్రలో మూత పెట్టి చల్లార్చండి. చల్లారిన నీళ్లలో గ్లాసు పట్టుకుని వేళ్లు ముంచితే చేసిన పనంతా పోతుంది. పిడి ఉన్న గరిటె గానీ కుళాయి ఉన్న డ్రమ్ము గానీ వాడండి. ట్యాంకు నీళ్లయితే మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, కలిపి అరగంట ఆగాలి. పొట్లం విప్పి నెలల తరబడి పెట్టిన పౌడరులో పస ఉండదు, ముక్కుకు ఘాటు తగలకపోతే పారేయండి. ఆర్‌ఓ బ్యాక్టీరియాను ఆపుతుంది, నిజమే. కానీ ఫిల్టరు మార్చకుండా రెండేళ్లు వాడితే దాని ట్యాంకులోనే కొత్త సంసారం పెడతాయి. అది అవసరమయ్యేది మీ నీళ్లలో ఉప్పో ఫ్లోరైడో ఎక్కువున్నప్పుడు. వాటిని మరగబెట్టినా పోవు. ల్యాబులో అవీ చూడమని అడగండి, ఎక్కువని తేలితే అప్పుడు కొనుక్కోండి.

మీ ఆవుల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. పొదుగువాపుకు సూది వేయించినప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయకండి, దూడకూ పట్టకండి. పేడ పచ్చిగా ఆకుకూర మడికి వేయకుండా దిబ్బలో మాగనివ్వండి. మాగే దిబ్బ లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది, తెలుసు కదా.

చివరికి ఆ బిళ్లలు. పారేసే ముందు అవి ఎందుకు మిగిలాయో చూడండి. ఆర్‌ఎంపీ ఇచ్చినవి మధ్యలో ఆపినవా, వేలూరులో రాసిచ్చినవా? వేలూరు వాళ్లు ఇంటికి రాసినవి మిగిలి ఉంటే ఫోను చేసి వాళ్లనే అడగండి. మిగతావి కాలవలో వద్దు, బాత్‌రూంలో వద్దు. ఆ కాలవ మీ మడికే వస్తుంది, ఇంత చదివాక నేను వేరే చెప్పాలా! పక్కింటి పాపకు జ్వరమొస్తే ఇద్దామని దాచడం అంతకన్నా వద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ కొన్న మెడికల్ షాపులో గానీ తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే రేకుల్లోంచి వొలిచి, వాడేసిన టీపొడిలోనో బూడిదలోనో కలిపి, కవర్లో ముడివేసి చెత్తబండికి ఇవ్వండి, పశువుల నోటికి అందకుండా. ఈసారి బిళ్లలు తెచ్చినప్పుడు రేకు వెనక ఎర్రగీత ఉందేమో చూడండి. ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడనిది. కొన్ని యాంటీబయాటిక్‌లనైతే 2014 నుంచి షాపువాళ్లు మీ పేరూ డాక్టరు పేరూ పుస్తకంలో రాసుకుని మరీ అమ్మాలి.

మీ అత్తగారి రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచండి. రేపు ఏ ఆసుపత్రికి పోయినా ముందు అది చూపించాలి, అప్పుడు మళ్లీ మొదటి నుంచి తడుముకోరు. ఇప్పుడు మంటా జ్వరమూ లేవు కాబట్టి ఊరికే అనుమానం తీర్చుకోవడానికి మళ్లీ కల్చరు పెట్టించకండి. ఆ వయసులో ఏ బాధా లేకుండా కూడా మూత్రంలో బ్యాక్టీరియా కనిపిస్తుంది. రిపోర్టు చూసి ఎవరో ఒకరు మళ్లీ సూది మొదలుపెడతారు. షుగరు అదుపులో ఉంచండి, ఒంటికొస్తే ఆపుకోకుండా పోనివ్వండి. వణుకుతో జ్వరం, నడుం పక్కన నొప్పి, ఉన్నట్టుండి మాట తడబాటు, వీటిలో ఏది కనిపించినా ఊళ్లో బిళ్లల దగ్గర ఆగకండి. వేలూరు దాకా పోలేకపోతే తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది. మొదటి బిళ్ల మింగక ముందే మూత్రం సీసా ఇవ్వాలి. మింగాక ఇస్తే ప్లేటు మీద ఏమీ లేవకపోవచ్చు, మాకు చదవడానికి ఏమీ ఉండదు.

వచ్చే వారం బోరు నీళ్ల సీసా పెట్టి చూసి రాయండి. నల్లబడితే మీ లెట్రిన్ గుంతకూ బోరుకూ మధ్య ఎన్ని అడుగులుందో టేపు పెట్టి కొలిచి అది కూడా రాయండి. 50 అడుగుల లోపుంటే నేను ఏటి కన్నా ముందు ఆ గుంతనే అనుమానిస్తాను.